ఇల్లు ఒకచోట, కొలువు ఒకచోట: కాలిఫోర్నియా పొగ లెక్క

ఉత్తర కాలిఫోర్నియాలో ఆల్టమాంట్ కనుమ మీదుగా పోయే 580 హైవేని పనిదినాల్లో తెల్లవారకముందు చూడాలి. చీకటి ఇంకా విడిచి ఉండదు. ట్రేసీ, మాంటెకా, మౌంటెన్ హౌస్ ఊళ్ల నుంచి బయల్దేరిన కార్లు గాలిమరలు తిరిగే కొండల మధ్య నుంచి పడమటికి, సిలికాన్ వ్యాలీ వైపు బారులు తీరి ఉంటాయి. ఆ బారుల్లో మనవాళ్లూ తక్కువేం కాదు. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ ఉన్న బే ఏరియాలో ఇల్లు కొనే స్తోమత లేక, పిల్లలకో మంచి బడి, నాలుగు గదులు, కాస్త పెరడు ఉంటే చాలనుకుని కనుమకు అవతల స్థిరపడిన తెలుగు కుటుంబాలు మౌంటెన్ హౌస్‌లో చాలానే ఉన్నాయి.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఇంటి నుంచి ఆఫీసుకు 50 మైళ్లనుకుంటే పోనూ రానూ 100. అమెరికాలో సగటు పెట్రోలు కారు మైలుకు దాదాపు 400 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అంటే రోజుకు 40 కిలోలు. ఏడాదికి 220 పనిదినాలే వేసుకున్నా 8 టన్నులు దాటుతుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క ప్రకారం ఒక మామూలు కారు ఏడాది పొడుగునా, అన్ని పనులకూ కలిపి వదిలేది 4.6 టన్నులు. ఇక్కడ ఒక్క ఆఫీసు ప్రయాణమే దానికి రెట్టింపు దాకా వచ్చింది.

ఆ కారు నడిపే మనిషిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. తెల్లవారకముందే లేచి రెండు గంటలు బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చోవాలని ఎవరికుంటుంది? ఆఫీసుకు దగ్గర్లో అతను కొనగలిగిన ఇల్లు లేదు. ఎందుకు లేదంటే, ఆ ఆఫీసున్న ఊరు అక్కడ అలాంటి ఇల్లు కట్టనివ్వలేదు. ఆ 8 టన్నుల పొగ ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ పోతే ఇంజన్ దగ్గర ఆగలేం. ఏ వీధిలో ఎన్ని అంతస్తులు కట్టవచ్చో రంగులు వేసి చూపించే జోనింగ్ మ్యాపు దాకా పోవాలి.

ఈ సంగతిని చట్టంలోకి ఎక్కించి, ఊళ్ల పెరుగుదలకూ వాతావరణానికీ ముడిపెట్టిన తొలి అమెరికన్ రాష్ట్రం కాలిఫోర్నియా. ఆ చట్టం పేరు ఎస్‌బీ 375, అంటే సెనేట్ బిల్లు 375. శాక్రమెంటోకు చెందిన రాష్ట్ర సెనేటర్ డారెల్ స్టైన్‌బర్గ్ ప్రతిపాదించారు, 2008 సెప్టెంబర్ 30న గవర్నర్ ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ సంతకం చేశారు. పదిహేడేళ్లు దాటిపోయాయి. ఆశించినంత ఫలితం రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకుంటే, ఒక మహానగరాన్ని నిజంగా నడిపించేది ఎవరన్నది తేటపడుతుంది. అందుకే ఈ చట్టాన్ని కాస్త విప్పి చూడాలనిపించింది.

అసలు కథ 2006లో మొదలైంది. ఆ ఏడాది ఏబీ 32 (ఏబీ అంటే అసెంబ్లీ బిల్లు) అనే చట్టంతో, 2020 కల్లా రాష్ట్రం మొత్తం ఉద్గారాలను 1990 స్థాయికి తేవాలని కాలిఫోర్నియా నిశ్చయించుకుంది. చెప్పిన గడువుకు నాలుగేళ్ల ముందే, 2016లోనే, ఆ గీత దాటింది కూడా. ఎక్కువ భాగం కరెంటు ఉత్పత్తిలో వచ్చిన మార్పు పుణ్యం అది. సౌర ఫలకాలు, గాలిమరలు వచ్చాయి, బొగ్గు కరెంటు కొనడం తగ్గింది. రోడ్డు మీద మాత్రం కథ వేరు. రాష్ట్ర ఉద్గారాల్లో సుమారు 40 శాతం నేటికీ రవాణాదే. అందులో పెద్ద వాటా మామూలు జనం నడిపే కార్లది.

కారు పొగ తగ్గాలంటే మూడు దారులున్నాయి. బండి తక్కువ ఇంధనం తాగాలి. ఆ ఇంధనంలో కార్బన్ తక్కువ ఉండాలి. బండి తిరిగే మైళ్లు తగ్గాలి. అక్కడి ప్రణాళికా నిపుణులు దీన్ని ముక్కాలిపీటతో పోలుస్తారు. మొదటి రెండు కాళ్లకూ రాష్ట్రం అప్పటికే నిబంధనలు పెట్టింది. కంపెనీల మెడ మీద కత్తి పెడితే చాలు, జనం అలవాట్ల జోలికి పోనక్కర్లేదు. మూడో కాలే కష్టం. మైళ్లు తగ్గాలంటే ఇల్లు, ఆఫీసు, బడి, కూరగాయల కొట్టు ఒకదానికొకటి దగ్గరకు రావాలి. అది ఏ ఫ్యాక్టరీలోనూ తయారయ్యేది కాదు. వందలాది ఊళ్ల కౌన్సిళ్లలో, ఒక్కో స్థలం మీద, ఏళ్ల తరబడి తీసుకునే నిర్ణయాల నుంచి రావాలి. ఎస్‌బీ 375 పుట్టింది ఆ మూడో కాలి కోసం.

చట్టం పనిచేసే తీరు ఇది. రాష్ట్రంలో 18 ప్రాంతీయ రవాణా ప్రణాళికా సంస్థలున్నాయి. వీటిని ఎంపీఓలంటారు. కేంద్ర ప్రభుత్వ రవాణా నిధులు ఎక్కడెక్కడ ఖర్చవాలో చెప్పే దీర్ఘకాలిక ప్రణాళికను నాలుగేళ్లకోసారి ఇవి తయారుచేయాలి. బే ఏరియాలోని 9 కౌంటీలు, 101 ఊళ్లకు అలాంటి సంస్థ ఎంటీసీ. లాస్ ఏంజెలెస్ చుట్టూ 6 కౌంటీలు, 191 ఊళ్లకు ఎస్‌కాగ్. రాష్ట్రంలోని ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఒక్కో ప్రాంతానికి ఒక లక్ష్యం ఇస్తుంది: 2005తో పోలిస్తే కార్ల నుంచి వచ్చే తలసరి ఉద్గారాలు ఇంత శాతం తగ్గాలని. 2010లో పెట్టిన లక్ష్యాల ప్రకారం 2035 నాటికి బే ఏరియా 15 శాతం, లాస్ ఏంజెలెస్ ప్రాంతం 13 శాతం తగ్గించాలి. 2018లో వీటిని సవరించి నాలుగు పెద్ద మహానగర ప్రాంతాలకూ 19 శాతం చేశారు. మంచి ఇంజన్ల వల్లో, శుభ్రమైన ఇంధనం వల్లో తగ్గినది ఈ లెక్కలోకి రాదు. భూవినియోగం, రవాణా మార్చడం వల్ల తగ్గినదే లెక్క.

ఆ లక్ష్యాన్ని అందుకోవడానికి ప్రతి ప్రాంతమూ తన రవాణా ప్రణాళికలో ఒక అధ్యాయం చేర్చాలి. రాబోయే జనం ఎక్కడ ఉంటారు, ఎక్కడ పనిచేస్తారు, వాళ్లు దేని మీద తిరుగుతారు, వీటికి రోడ్లూ రైళ్లూ బస్సులూ ఎలా తోడవుతాయి అన్నది అందులో రాయాలి. తరువాత ఆ వివరాలన్నీ కంప్యూటర్ నమూనాలోకి ఎక్కించి, 2035లో తలసరి ఎన్ని మైళ్లు తిరుగుతారో, ఎంత పొగ వస్తుందో తేలుస్తారు. లెక్క లక్ష్యానికి సరిపోతే ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఒప్పుకుంటుంది.

బోర్డు ఒప్పుకునేది దేన్నో జాగ్రత్తగా చూడాలి. ఈ ప్రణాళికను అమలు చేస్తే లక్ష్యం అందుతుంది అన్న మాటను. చిక్కంతా ఆ 'అమలు చేస్తే' దగ్గరుంది. చట్టమే మరోచోట స్పష్టంగా చెప్పింది: ఊళ్లకూ కౌంటీలకూ తమ భూమి మీద ఉన్న అధికారాన్ని ఈ ప్రణాళిక ఏమాత్రం తగ్గించదని, తమ మాస్టర్ ప్లాన్‌ను దీనికి అనుగుణంగా మార్చుకోవాల్సిన పని లేదని. ఆ వాక్యం లేకపోతే చట్టం గట్టెక్కేదే కాదు. ఊళ్ల సంఘాలు, బిల్డర్లు, పర్యావరణవాదులు అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒప్పుకున్న రాజీ అది. ఆ రాజీ వల్లే చట్టం పుట్టింది, ఆ రాజీ వల్లే దాని చేతులు కట్టుబడ్డాయి.

బే ఏరియా 2013 జులైలో ఆమోదించిన తొలి ప్రణాళికను చూడండి. రాబోయే కొత్త ఇళ్లలో దాదాపు 80 శాతం, ప్రాంతం మొత్తం భూమిలో 5 శాతం కంటే తక్కువ చోట, రైలు స్టేషన్లకూ పెద్ద బస్సు మార్గాలకూ దగ్గరగా రావాలన్నది అందులోని ముఖ్యమైన మాట. మ్యాపు మీద ముచ్చటగా ఉంటుంది. ఆ 5 శాతంలో ఒక్క గజం మీద కూడా ఎంటీసీకి హక్కు లేదు. భవనానికి అనుమతి ఇచ్చేది ఊరి కౌన్సిల్. కౌన్సిల్ సభ్యులను ఎన్నుకునేది ఎక్కువగా ఇప్పటికే ఆ ఊళ్లో ఇల్లున్నవాళ్లు. వాళ్లకు కొత్త అపార్ట్‌మెంటంటే ముందు గుర్తొచ్చేది తమ వీధిలో పార్కింగ్, తమ బడిలో రద్దీ, తమ ఇంటి విలువ. వాళ్లను చెడ్డవాళ్లని అనను. అయితే ఆ ఇంట్లో ఉండాల్సిన కుటుంబం కనుమకు అవతల ఉంటోంది, ఆ ఊళ్లో దానికి ఓటు లేదు. వాతావరణానికైతే ఎక్కడా ఓటు లేదు.

ఊళ్లకు డబ్బు సంగతి కూడా ఉంది, దీని గురించి బయట మాట్లాడుకునేది తక్కువ. 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రొపొజిషన్ 13ను గెలిపించారు. దాని ప్రకారం ఆస్తిపన్ను కొన్న ధరలో 1 శాతం దగ్గర ఆగిపోతుంది. పన్ను లెక్కకు తీసుకునే విలువ, ఆస్తి చేతులు మారేదాకా, ఏడాదికి 2 శాతానికి మించి పెరగకూడదు. ఒక ఇల్లు వస్తే ఊరికి అగ్నిమాపక దళం, పార్కు, పోలీసు ఖర్చు వస్తాయి. ఆదాయం మాత్రం ముప్పై ఏళ్లు దాదాపు గడ్డకట్టినట్టే ఉంటుంది. అదే స్థలంలో ఒక మాల్ వస్తే అమ్మకపు పన్నులో వాటా ఏటా వస్తుంది. ఆఫీసు వస్తే ఆ ఖర్చులు తక్కువ. అందుకని ఒక్కో ఊరూ తన లెక్క తాను చూసుకుని ఆఫీసులకు తలుపు తీసి, ఇళ్లకు మూసింది. పక్క ఊరూ అదే చేసింది. ఒక్కో ఊరి పుస్తకంలో లెక్క సరిగ్గానే ఉంది. మొత్తం ప్రాంతానికి కలిపి చూస్తే ఉద్యోగాలు అఖాతం ఒడ్డున పోగుపడ్డాయి, ఇళ్లు కొండల అవతలికి పోయాయి.

కొండ అవతలకు పోగానే ఇంకో చిక్కు ఎదురవుతుంది. మౌంటెన్ హౌస్ బే ఏరియాలో లేదు. అలమీడా కౌంటీ గట్టుకు అవతల, శాన్ వాకీన్ కౌంటీలో ఉంది. ఆ కౌంటీకి వేరే ఎంపీఓ, వేరే ప్రణాళిక, వేరే లక్ష్యం. 2010లో శాన్ వాకీన్ లోయకు 2035 కోసం ఇచ్చినది 10 శాతం మాత్రమే. మనిషి ఒక ప్రాంతంలో పడుకుని ఇంకో ప్రాంతంలో పనిచేస్తాడు. అతని ప్రయాణం రెండు సంస్థల సరిహద్దును రోజుకు రెండుసార్లు దాటుతుంది. బే ఏరియా తన ఇళ్ల అవసరాన్ని పక్క కౌంటీ మీదికి తోసేస్తే కాగితం మీద దాని మైళ్లు బాగానే కనబడవచ్చు. 2013 ప్రణాళిక మీద బిల్డర్ల సంఘం వేసిన దావా రాజీతో ముగిసినప్పుడు ఈ విషయం ఒప్పందంలోకి వచ్చింది: ఇకమీదట బయటి కౌంటీల నుంచి పనికి వచ్చేవాళ్ల సంఖ్య పెరగకుండా ఎంటీసీ ఇళ్ల లెక్క వేయాలని. ఇల్లు కట్టడమే వ్యాపారమైనవాళ్లు వేసిన దావా వాతావరణానికి ఇంత మేలు చేయడం విశేషమే.

మౌంటెన్ హౌస్ మాత్రం ఆగలేదు. 1994లో కౌంటీ ఆమోదించిన ప్రణాళికతో పొలాల్లో మొదలైన కొత్త ఊరు అది. మొదటి కుటుంబాలు 2003లో దిగాయి. 2024 జులై 1న అధికారికంగా నగరమైంది. కనుమ మీదుగా రైలు లేకపోలేదు. 1998 నుంచి స్టాక్‌టన్, శాన్ హోసేల మధ్య 86 మైళ్ల దూరం ఏస్ రైలు నడుస్తోంది. ఉదయం వెళ్లేవి వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే, చివరి నుంచి చివరికి రెండు గంటల పైమాటే. బే ఏరియా మెట్రో రైలైన బార్ట్‌ను కనుమకు ఇవతలి లివర్‌మోర్ దాకా పొడిగించాలన్న ప్రతిపాదనను 2018 మేలో బార్ట్ బోర్డే పక్కన పెట్టింది.

ఇక రోడ్ల విషయం. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అందరికీ తెలియాల్సిన భాగం ఇది.

కాలిఫోర్నియాలో పెద్ద నిర్మాణాల్లో చాలావాటికి పర్యావరణ ప్రభావ పరీక్ష ఉంటుంది. 1970 నాటి చట్టం అది. ట్రాఫిక్ ప్రభావాన్ని కొలవడానికి దశాబ్దాల పాటు వాడిన కొలబద్ద ఒక్కటే: ఈ నిర్మాణం వల్ల పక్క కూడలిలో కారు ఇంకెన్ని సెకన్లు ఆగాలి? బడిలో మార్కుల్లా కూడళ్లకు ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడులిచ్చేవారు. ఆ కొలతతో ఏం జరుగుతుందో చూడండి. స్టేషన్ పక్కన, ఊరి నడిబొడ్డున నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు కడతామంటే అక్కడ కూడళ్లు ముందే కిక్కిరిసి ఉంటాయి. ఇంకో పది కార్లు చేరినా గ్రేడు పడిపోతుంది. పర్యావరణానికి హాని అని నివేదిక వస్తుంది. అదే ఊరికి ఇరవై మైళ్ల దూరంలో ఖాళీ పొలంలో ఐదు వందల ఇళ్ల కాలనీ వేస్తామంటే పక్కన కూడళ్లు ఖాళీ. గ్రేడు చెక్కుచెదరదు. పర్యావరణానికి హాని లేదని కాగితం చేతికొస్తుంది. నడిచి స్టేషన్‌కు పోయే మనిషి ఇల్లు హానికరమట, రోజూ నలభై మైళ్లు నడిపే మనిషి ఇల్లు నిరపాయమట. హానిని తగ్గించే మార్గంగా నివేదిక సూచించేది కూడలిని వెడల్పు చేయమని. దాంతో నడిచేవాళ్లకు రోడ్డు దాటడం ఇంకా కష్టమవుతుంది. పర్యావరణ చట్టమే పర్యావరణానికి అడ్డం తిరిగింది.

స్టైన్‌బర్గే 2013లో ఎస్‌బీ 743 తెచ్చి ఈ కొలబద్దను మార్పించారు. కూడలిలో ఎన్ని సెకన్లు ఆగారన్నది పోయి, ఈ నిర్మాణం వల్ల బండ్లు ఎన్ని మైళ్లు తిరుగుతాయన్నది వచ్చింది. 2020 జులై 1 నుంచి రాష్ట్రమంతటా తప్పనిసరైంది. ఇప్పుడు స్టేషన్ పక్క అపార్ట్‌మెంటు ఈ పరీక్షను సులభంగా దాటుతుంది, పొలంలో కాలనీ తన మైళ్లకు జవాబు చెప్పుకోవాలి. ఎస్‌బీ 375 అంత పేరు దీనికి రాలేదు. నేలమీద ఎక్కువ తేడా తెచ్చేది మాత్రం ఇదేనని నేననుకుంటాను. ప్రణాళికలో రాసిన ఆశలకు వేరే అమలు యంత్రాంగం కావాలి, ఇది మాత్రం పరీక్షకొచ్చే ప్రతి అనుమతి కాగితంలోనూ దానంతటదే అడ్డుపడే ప్రశ్న.

ఈ మార్పు హైవేల వెడల్పుకు కూడా వర్తిస్తుంది. రోడ్డు ఇరుకైంది కాబట్టి ఇంకో లేన్ వేస్తే కార్లు ఆగి ఆగి పోవడం తగ్గి పొగ తగ్గుతుందని చాలామంది నిజాయితీగా నమ్ముతారు. కొన్ని నెలలు తగ్గుతుంది కూడా. రోడ్డు ఖాళీ కాగానే ఇదివరకు రైలెక్కినవాళ్లు కారు తీస్తారు, వేళ మార్చుకున్నవాళ్లు మళ్లీ రద్దీ వేళకు వస్తారు, ఇంకొన్నేళ్లకు ఆ రోడ్డును నమ్ముకుని మరింత దూరంలో కాలనీలు లేస్తాయి. గైల్స్ డ్యూరంటన్, మాథ్యూ టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా నగరాల దశాబ్దాల లెక్కలు పరిశీలించి 2011లో ప్రచురించిన ఫలితం ఇది: హైవే లేన్లు ఎంత శాతం పెరిగితే, కార్లు తిరిగే మైళ్లూ ఇంచుమించు అంతే శాతం పెరుగుతాయి. లాస్ ఏంజెలెస్‌లో సెపుల్వెడా కనుమ దగ్గర 405 హైవే మీద వంద కోట్ల డాలర్లకు పైగా పోసి 2014లో పది మైళ్ల కార్‌పూల్ లేన్, అంటే ఒకరి కంటే ఎక్కువమంది కలిసి పోయే కార్లకు వేరే దారి, తెరిచారు. రద్దీ వేళ ప్రయాణం తగ్గలేదు.

అయినా లేన్లు పడుతూనే ఉన్నాయి. కారణం మళ్లీ డబ్బు ఎవరి చేతిలో ఉందన్నదే. కాలిఫోర్నియా కౌంటీల్లో రవాణాకు వచ్చే సొమ్ములో పెద్ద భాగం ఓటర్లు ఆమోదించిన ప్రత్యేక అమ్మకపు పన్నుది. ఓటు పడాలంటే ప్రతి ఊరికీ ఏదో ఒకటి చూపించాలి. ఒక చోట ఫ్లైఓవర్, ఒక చోట లేన్, ఒక చోట రైలు. ఆ జాబితా ముప్పై ఏళ్లపాటు శిలాశాసనంలా ఉంటుంది. ఓటర్లు అప్పటికే ఆమోదించిన కేటాయింపులను మార్చమని ఎస్‌బీ 375 అడగలేదు. ఇలా లక్ష్యం ఎయిర్ రిసోర్సెస్ బోర్డుది, ప్రణాళిక ఎంపీఓది, భూమి ఊరిది, సొమ్ము కౌంటీది అయ్యాయి. తలా ఒక తాడు పట్టుకున్న రథం.

'ఇళ్లు దట్టంగా కట్టేస్తే సరిపోతుందిగా' అని మీకు అనిపించవచ్చు. ఇక్కడ పరిశోధన చెప్పేది కాస్త సూక్ష్మం. 2009లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ ఒక నివేదిక ఇచ్చింది. ఇళ్ల సాంద్రతను రెట్టింపు చేసినా ఒక్కో కుటుంబం తిరిగే మైళ్లు 5 నుంచి 12 శాతమే తగ్గుతాయని తేల్చింది. దానికి దగ్గర్లో ఉద్యోగాలు, మంచి బస్సూ రైలూ, ఒకేచోట ఇళ్లూ దుకాణాలూ తోడైతే 25 శాతం దాకా పోవచ్చంది. తరువాతి ఏడాది రీడ్ ఈవింగ్, రాబర్ట్ సెర్వెరో అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కూడి చూస్తే సాంద్రత ప్రభావం చాలా చిన్నదని, ఇల్లు ప్రాంతంలో ఎక్కడుంది, మనిషి పోవాల్సిన చోట్లకు ఎంత దగ్గరన్నదే అన్నిటికన్నా బలమైనదని తేలింది.

ఇది హైదరాబాద్ చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. కోకాపేట, నార్సింగి దగ్గర నలభై అంతస్తుల భవనాలు లేచాయి. అంతకంటే సాంద్రత ఏముంటుంది? కానీ 2017లో మొదలైన మెట్రో తొలిదశ 69 కిలోమీటర్లలో ఒక్క స్టేషన్ కూడా అక్కడ లేదు, దగ్గరి కొస రాయదుర్గం. అవి స్టేషన్ చుట్టూ పుట్టినవి కావు, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు దిగే దారుల పక్కన పుట్టినవి. లిఫ్టు దిగినవాడు నేరుగా కారు దగ్గరికి నడవాల్సిందే. మన రాజ్యాంగంలో 1992 నాటి 74వ సవరణ 243జెడ్ఈ అధికరణం ద్వారా ప్రతి మహానగర ప్రాంతానికీ ఒక మెట్రోపాలిటన్ ప్లానింగ్ కమిటీ ఉండాలని చెప్పింది. ఊళ్లన్నిటి ప్రణాళికలనూ కలిపి చూసే బాధ్యత దానిది. కాలిఫోర్నియాలో ఎంపీఓలు పడుతున్న పాట్లు ఆ అధికరణాన్ని తిరగేసేవాళ్లకు పనికొస్తాయి.

ఇంతకీ కాలిఫోర్నియాలో ఫలితం ఏమైంది? 2017లో చట్టసభ ఎస్‌బీ 150 తెచ్చి, ప్రణాళికలు కాదు, నేలమీద ఏం జరిగిందో నాలుగేళ్లకోసారి చెప్పమని ఎయిర్ రిసోర్సెస్ బోర్డును అడిగింది. మొదటి నివేదిక 2018 నవంబర్‌లో వచ్చింది. దాచకుండా రాసింది: రాష్ట్రం దారిలో లేదు, తలసరి మైళ్లు తగ్గకపోగా పెరుగుతున్నాయి, ఒంటరిగా కారులో పనికి పోయేవాళ్ల వాటా తగ్గలేదు. ఒక ప్రభుత్వ సంస్థ తన సొంత కార్యక్రమం గురించి ఇంత సూటిగా చెప్పడం గౌరవించదగ్గ పని. 2022లో వచ్చిన రెండో నివేదికలో కూడా దిశ మారినట్టు లేదు. అదే ఏడాది రాష్ట్ర వాతావరణ ప్రణాళిక తలసరి మైళ్లను 2019 స్థాయి కంటే 2030 కల్లా 25 శాతం, 2045 కల్లా 30 శాతం తగ్గించాలని గీత గీసింది.

ఎలక్ట్రిక్ కార్లు వస్తున్నప్పుడు మైళ్ల గొడవ ఎందుకని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. 2035 నుంచి కొత్తగా అమ్మే కార్లన్నీ పొగలేనివై ఉండాలని కాలిఫోర్నియా 2022లో నియమం పెట్టింది. దానికి కేంద్రం ఇచ్చిన అనుమతిని 2025లో అమెరికా కాంగ్రెస్ రద్దు చేసింది, జూన్ 12న అధ్యక్షుడు ట్రంప్ సంతకం పెట్టారు. రాష్ట్రం కోర్టుకు వెళ్లింది. ముక్కాలిపీటలో బండి అనే కాలు వాషింగ్టన్ చేతిలో ఉందని అప్పుడు తెలిసొచ్చింది. ఏ వీధిలో ఏ ఇల్లు కట్టాలన్నది మాత్రం ఎప్పటికీ రాష్ట్రం చేతిలోదే. ఆ కోర్టు కేసు గెలిచినా సరే, ఇవాళ కొన్న పెట్రోలు కారు ఇంకో పదిహేనేళ్లు రోడ్డు మీదే ఉంటుంది. కనుమ మీద పోయే సమయాన్ని ఏ బ్యాటరీ తిరిగివ్వదు.

అందుకే రాష్ట్రం ఇప్పుడు ఊళ్లను బతిమాలడం తగ్గించి ఆజ్ఞాపించడం మొదలుపెట్టింది. ఎనిమిదేళ్లకోసారి ప్రతి ప్రాంతానికీ ఇన్ని ఇళ్లకు చోటు చూపాలని కోటా వేసే పద్ధతి ముందే ఉంది. బే ఏరియాకు కిందటి విడతలో 1,87,990 ఇళ్లు వేస్తే, 2023 నుంచి 2031 దాకా నడిచే ఇప్పటి విడతలో 4,41,176 వేసింది. చోటు చూపని ఊరు తన జోనింగ్ అధికారాన్ని కొంత పోగొట్టుకునే పరిస్థితి వచ్చింది. 2018లో వచ్చిన ఏబీ 2923 బార్ట్ స్టేషన్ల చుట్టూ ఆ సంస్థకున్న స్థలాల్లో, పార్కింగ్ మైదానాల్లో, ఇళ్లు కట్టే వీలు కల్పించింది. 2022లో వచ్చిన ఏబీ 2097 పెద్ద స్టేషన్‌కు అరమైలు లోపల కట్టే భవనాలకు ఇన్ని పార్కింగ్ గడులు ఉండి తీరాలన్న నిబంధనను దాదాపుగా ఎత్తేసింది. స్టేషన్ల చుట్టూ అపార్ట్‌మెంట్లు రాష్ట్రమంతటా చట్టబద్ధం చేయాలని సెనేటర్ స్కాట్ వీనర్ 2018లో ఒకసారి, 2020లో ఇంకోసారి ప్రయత్నించి ఓడిపోయారు. మూడోసారి, ఎస్‌బీ 79 రూపంలో, గెలిచారు. 2025 అక్టోబర్‌లో గవర్నర్ న్యూసమ్ సంతకం చేశారు. రైళ్లు ఎక్కువగా ఉన్న కౌంటీల్లో, స్టేషన్‌ను ఆనుకున్న చోట తొమ్మిది అంతస్తుల దాకా, దూరం పెరిగేకొద్దీ తక్కువగా, 2026 జులై 1 నుంచి కట్టుకునే వీలుంటుంది.

నాకు దీని మీద ఆశ ఉంది, ఒక భయం కూడా ఉంది. స్టేషన్ పక్కన పాత రెండంతస్తుల భవనాల్లో అద్దెకుండేవాళ్లే ఇవాళ బస్సూ రైలూ నిజంగా ఎక్కేవాళ్లు. హోటల్లో పనిచేసే మనిషి, రాత్రి షిఫ్టు నర్సు సహాయకురాలు. వాళ్ల ఇల్లు కూల్చి, కారున్న ఇంజినీరు కోసం కొత్త భవనం లేపితే, రైలెక్కే మనిషే దూరంగా ఆంటియోక్‌కో స్టాక్‌టన్‌కో వెళ్లిపోయి కారు కొనుక్కుంటుంది. లెక్క తలకిందులవుతుంది. కొత్త చట్టంలో అద్దెదారులకు కొన్ని రక్షణలు పెట్టారు. అవి ఎంత గట్టిగా నిలుస్తాయన్నది ఊరి కౌన్సిళ్లలోనే తేలుతుంది.

రాష్ట్రం ఎన్ని చట్టాలు చేసినా ఒక్కో భవనం రాత ఇంకా చాలా వరకు సాయంకాలం ఏడు గంటలకు మొదలయ్యే ఊరి సమావేశంలోనే తేలుతుంది. మాట్లాడటానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ ఊళ్లో ఇరవై ముప్పై ఏళ్లుగా సొంతింట్లో ఉంటున్నవాళ్లు. రైలు పక్కన కట్టే ఇంట్లో దిగాల్సిన కుటుంబం ఆ వేళకు 580 మీద తూర్పుకు పోతూ ఉంటుంది. మనవాళ్లలో చాలామందికి అమెరికా ఓటు హక్కు లేదు, తమకు అక్కడ మాట లేదనుకుని ఊరుకుంటారు. 1953 నుంచి ఉన్న బ్రౌన్ చట్టం ప్రకారం కాలిఫోర్నియాలో ఏ ఊరి కౌన్సిల్ సమావేశంలోనైనా ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. పౌరసత్వం అడగరు. పేరు చెప్పమని కూడా బలవంతపెట్టకూడదు. అజెండా కనీసం 72 గంటల ముందు ఊరి వెబ్‌సైట్‌లో పెడతారు. ఏ స్టేషన్ పక్కన ఎన్ని ఇళ్ల ప్రతిపాదన వస్తోందో అందులో ఉంటుంది. రాత్రి రావడం కుదరనివాళ్లు ముందుగానే రాసి పంపవచ్చు.